రైతు అడగాలి, విద్యార్థి శోధించాలి

విశ్వవిద్యాలయాల్లో చదివే యువత కొంతకాలం పల్లెల్లో పనిచేసి, రైతులకూ గ్రామీణ వ్యాపారులకూ ఉపకరించే పరిశోధన చేయాలన్న ఆలోచన కొత్తది కాదు. గ్రామీణ కృషి అనుభవం వ్యవసాయ పట్టభద్రుల పాఠ్యక్రమంలో చాలాకాలంగా భాగమే. 2015 జూలై 25న పాట్నాలో ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించిన ‘స్టూడెంట్ రెడీ’ పథకం దానికి ఊతమిచ్చింది. గరిష్ఠంగా ఆరు నెలలపాటు నెలకు 3,000 రూపాయల భృతికి వీలు కల్పించింది. అయితే పరిశోధించవలసిన ప్రశ్నను ఎవరు నిర్ణయించాలన్నది మాత్రం నేటికీ తేలలేదు.

ఒక పంటను ఉదాహరణగా తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. కోల్‌కతాకు హుగ్లీ నది ఆవలి ఒడ్డున, హౌరా జిల్లాలో ఉన్న సంత్రాగాఛి తెలుగు ప్రయాణికులకు రైల్వే స్టేషనుగానే పరిచయం. బెంగాలీలకు ఆ పేరు వింటే కంద గుర్తుకొస్తుంది. వారు ‘ఓల్’ అని పిలిచే ఈ దుంపలో సంత్రాగాఛి రకానికి ప్రత్యేక ఖ్యాతి ఉంది. నగరం విస్తరించినా ఆ ఊరి పేరు పంటకు నిలిచే ఉంది. మన గోదావరి తీరాన కొవ్వూరుదీ అదే ప్రతిష్ఠ. ఆ ప్రాంతపు స్థానిక కందలోంచి మేలైనదాన్ని ఎంపిక చేసి, ఆనాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ‘గజేంద్ర’ పేరుతో విడుదల చేసింది. నోరు దురద పెట్టని ఈ రకం నేడు బెంగాల్, బీహార్, ఉత్తరప్రదేశ్ పొలాల్లోనూ పండుతోంది. రైతు చేలో ఉన్న మేలును శాస్త్రజ్ఞులు గుర్తించినందువల్ల ఒనగూరిన ప్రయోజనమిది.

ఈ పంటలో తేలవలసిన చిక్కులు ఇంకా అనేకం. అరకిలో ముక్కలను 90 సెంటీమీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు సుమారు రెండున్నర టన్నుల విత్తనం కావాలి. సన్నకారు రైతుకు అది పెనుభారం. 100 గ్రాముల ముక్కలతో విత్తనగడ్డలు పెంచే పద్ధతిని తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ఇదివరకే రూపొందించింది. ఫలానా గ్రామంలో అది ఎందుకు వ్యాపించలేదు? నిల్వలో గడ్డ ఎంత బరువు కోల్పోతోంది? మొదలు కుళ్లు తెగులు ఏ చేలలో ఎక్కువ? టోకు మార్కెట్టు ధరలో రైతుకు దక్కేదెంత, కమీషనుకూ లారీ కిరాయికీ పోయేదెంత? కంద చిప్స్ చేసి అమ్మదలచిన మహిళా సంఘానికి కిలోకు ఏమి మిగులుతుంది? వీటికి జవాబు వెతకడానికి కోట్ల రూపాయల ప్రయోగశాల అక్కరలేదు. తూకం, నోటు పుస్తకం, ఊరివారితో కలిసిపోయే ఓపిక ఉన్న విద్యార్థి, అతని వెనుక ఒక బాధ్యతగల అధ్యాపకుడు ఉంటే చాలు.

కంద చేతికి రావడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. విద్యార్థి గడువు ఆరు నెలలు మించదు. నాట్లు చూసినవాడు తవ్వకం చూడడు. మరుసటి ఏడు వచ్చే జట్టు సర్వేను మళ్లీ మొదటినుంచి ఆరంభిస్తే, రైతు అవే ప్రశ్నలకు అవే జవాబులు చెప్పవలసి వస్తుంది. మార్కులు పడిన రికార్డు పుస్తకం కళాశాల బీరువాకు చేరితే, రైతు వెచ్చించిన కాలానికి ప్రతిఫలం శూన్యం.

నెదర్లాండ్స్ విశ్వవిద్యాలయాలు 1970వ దశకంలోనే ఇందుకు భిన్నమైన మార్గం తొక్కాయి. ‘సైన్స్ షాపు’ల పేరిట తలుపులు తెరచి, సామాన్య ప్రజా బృందాలు తెచ్చిన ప్రశ్నలను విద్యార్థులకు పరిశోధనాంశాలుగా అప్పగించాయి. మనకు కొత్త భవనాలు సైతం అవసరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాలు, దేశమంతటా కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ప్రశ్నల దస్త్రం తెరవాలి. ఒక జట్టు ఆపినచోట మరో జట్టు అందుకోవాలి. ఫలితాన్ని రైతు భాషలో, గ్రామసభలో చదివి వినిపించాకే మార్కులు వేయాలి.

2024-25 కేంద్ర బడ్జెట్‌లో 500 అగ్రశ్రేణి కంపెనీలలో ఐదేళ్లలో కోటిమంది యువతకు ఇంటర్న్‌షిప్ కల్పిస్తామని, నెలకు 5,000 రూపాయలు ఇస్తామని ప్రకటించారు. జీతమిచ్చి నిపుణులను పెట్టుకోగల స్తోమత ఆ కంపెనీలకు ఉంది. కంద రైతుకూ, పల్లెటూరి నూనె గానుగ యజమానికీ అది లేదు. ప్రజాధనంతో పరిశోధకుణ్ణి సమకూర్చవలసింది మొదట ఎవరికో పాలకులు ఆలోచించాలి. విద్యార్థి ఊరు విడిచి వెళ్లాక రైతుకు ఏమి మిగిలిందన్నదే ఈ పథకాలకు గీటురాయి కావాలి.