సన్మానం ఎవరి సొత్తు?

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో సన్మాన సభలకు కొదువ లేదు. క్రీడలకు, సమాజానికి జీవితకాలం సేవ చేసిన స్థానిక పెద్దలను బతికుండగానే గౌరవించుకోవడం మంచి సంప్రదాయమే. అయితే ఇలాంటి అనేక సభలకు శ్రోతగా వెళ్లిన నాకు ఒక దృశ్యం పదే పదే ఎదురైంది. పోటీలకు డబ్బు ఇచ్చిన వారికి వేదికపై కుర్చీ ఉంటుంది. తెల్లవారకముందే మైదానంలో సున్నం గీతలు గీసి, నెట్టు కట్టి, పిల్లలను పోగుచేసి ఏళ్ల తరబడి ఆడించిన మనిషి వెనుక వరుసలో నిలబడి ఉంటాడు. తరచుగా మొదటివారిది భూమి ఉన్న కులం, రెండోవారిది వాడ. ఇది యాదృచ్ఛికం అనుకుంటే మనం సన్మానాన్నీ అర్థం చేసుకోలేదు, కులాన్నీ అర్థం చేసుకోలేదు.

ఈ నేలకు సత్కారాలు కొత్త కాదు. కవి పండితులను ఆదరించినందుకే గద్వాల సంస్థానానికి ‘విద్వద్గద్వాల’ అని పేరు వచ్చింది. వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలూ అదే బాటలో నడిచాయి. తిరుపతి వేంకట కవుల వంటి అవధానులు ఈ సంస్థానాలకు వచ్చి తమ విద్యను ప్రదర్శించారు. ఆ ఆదరణ తెలుగు సాహిత్యానికి చేసిన మేలు కాదనలేనిది. కానీ ఇదే నేలపై కిన్నెర మీటుతూ జాంబవ పురాణం చెప్పిన దక్కలి కళాకారుడిని పోషించింది దర్బారు కాదు, మాదిగవాడ. తామే ఆకలితో ఉన్నవారు తమ కథ చెప్పే మనిషికి గింజలు కొలిచి పెట్టారు. సన్మానానికి మన చరిత్రలో రెండు దారులున్నాయన్నమాట. ఒకటి ప్రభువు ఇచ్చేది, రెండోది వాడ ఇచ్చేది. మనం మొదటిదాన్నే చరిత్రగా చదువుకున్నాం.

ఆటల్లోనూ ఈ తేడా కొనసాగుతోంది. నడిగడ్డలో జాతరలకు, పండుగలకు నేటికీ బండలాగుడు పోటీలు జరుగుతాయి. బహుమతిని ఎడ్ల యజమాని పేరున ప్రకటిస్తారు. ఆ ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టి, నెలల తరబడి కొట్టంలోనే పడుకొని సాకిన జీతగాని పేరు మైకులో వినిపించడం అరుదు. గెలుపు ఆస్తి ఉన్నవారి ఖాతాలో పడుతుంది, శ్రమ పేరు లేకుండా మిగులుతుంది. బండలాగుడు మైదానంలో కనిపించే ఈ సూత్రమే మన సన్మాన వేదికలనూ నడిపిస్తోంది.

ప్రభుత్వ పురస్కారాల సంగతి చూద్దాం. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణాలు అందించిన హైదరాబాద్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం అప్పటికి కన్నుమూసి రెండు దశాబ్దాలు దాటింది. క్రీడల్లో జీవితకాల సేవకు ధ్యాన్‌చంద్ పురస్కారం 2002లో వచ్చింది. ఇవి అవసరమైనవే. కానీ వీటి కొలమానం ప్రధానంగా అంతర్జాతీయ పతకం. పతకం దాకా వెళ్లిన క్రీడాకారుడు కనిపిస్తాడు, చివరి మెట్టుపై శిక్షణ ఇచ్చిన గురువు కనిపిస్తాడు. మొదటి మెట్టు కట్టిన మనిషి ఏ వర్గంలోనూ ఇమడడు.

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024 మేలో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగాన్ని 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆమెకు శిక్షణ ఇచ్చిన నాగపురి రమేశ్ 2016లోనే ద్రోణాచార్య అందుకున్నారు. ఇద్దరికీ దక్కిన గౌరవం న్యాయమైనది. అయితే ఊరు హేళన చేసిన ఆ పిల్ల పరుగులోని సత్తాను అందరికంటే ముందు గమనించింది బడిలోని వ్యాయామోపాధ్యాయుడు. అలాంటివారు వనపర్తి జిల్లాలోనూ ఉన్నారు. కూలికి వలస వెళ్లిన తల్లిదండ్రుల పిల్లలను హాస్టల్ ఆవరణలో కబడ్డీ ఆడించినవారు, ఆడపిల్లలను ఖోఖో పోటీలకు పంపమని ఇల్లిల్లూ తిరిగి బతిమాలినవారు, సొంత జేబులోంచి బస్సు చార్జీలు పెట్టినవారు. వారి చేతుల్లోంచి ఒలింపియన్ రాకపోవచ్చు. చదువు ఆపని పిల్లలు, బాల్యవివాహం తప్పించుకున్న బాలికలు వచ్చారు. దీన్ని కొలిచే పురస్కారం ఏది?

గౌరవం ప్రకటించాక కూడా సమస్య తీరడం లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నాటి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. రెండేళ్లు గడిచాక, 2024 మేలో, ఆయన హైదరాబాద్ శివారులో భవన నిర్మాణ కూలీగా కనిపించారు. వచ్చిన డబ్బు పిల్లల పెళ్లిళ్లకు, ఇంటికి ఖర్చయిందని, నెలవారీ గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. ఇచ్చిన కోటి ఏం చేశాడని ప్రశ్నించే గొంతులు అప్పుడు లేచాయి. తరతరాలుగా ఆస్తి లేని ఇంట్లోకి వచ్చిన డబ్బు ముందుగా పాత అవసరాలనే తీరుస్తుంది. పిత్రార్జితం ఉన్నవారికి పురస్కారం అలంకారం, లేనివారికి అది బతుకుదెరువు. అందుకే గౌరవ వేతనం నెలనెలా, ప్రభుత్వాలు మారినా ఆగకుండా రావాలి.

ఆటలోకి కులాన్ని ఎందుకు తెస్తారని కొందరు మిత్రులు అడుగుతారు. కులం అక్కడికి మనం పిలిస్తే వచ్చింది కాదు. దళిత క్రికెటర్ పల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండ్ పర్యటనలో నూరుకు పైగా వికెట్లు తీశాడు. పుణేలో ఆయన విసిరిన బంతిని తాకిన సహచరులే, టీ విరామంలో ఆయనకు వేరుగా మట్టి పాత్రలో తేనీరు ఇప్పించారు. హిందూ జట్టుకు నాయకత్వం ఆయనకు ఎన్నడూ దక్కలేదు. ఆ పర్యటన నుంచి తిరిగి వచ్చాక బొంబాయిలో అణగారిన వర్గాలు ఆయనకు చేసిన సన్మానంలో అభినందన పత్రం సమర్పించింది యువ అంబేద్కరేనని చరిత్రకారుడు రామచంద్ర గుహ రాశారు. వేదిక ఎక్కనివ్వని సమాజం ఎదుట తన వేదికను తానే కట్టుకున్న సందర్భం అది. సన్మానం రాజకీయ చర్య అని మనకు నేర్పే పాఠం ఇంతకంటే ఏముంటుంది?

కనుక 2016లో ఏర్పడిన ఈ జిల్లాల నుంచే ఒక కొత్త పద్ధతి మొదలుకావాలని నేను కోరుతున్నాను. మొదటిది, ఎంపిక గ్రామసభలో జరగాలి. పేరు ప్రతిపాదించే హక్కు వాడకూ, తండాకూ సమానంగా ఉండాలి. జిల్లా ఎంపిక సంఘంలో దళిత, ఆదివాసీ, బీసీ, మైనారిటీ సభ్యులు, మహిళలు మెజారిటీగా ఉండాలి. ఎవరిని ఎందుకు ఎంపిక చేశారో రాతపూర్వకంగా ప్రకటించాలి. రెండోది, కొలమానం మారాలి. ఎన్ని పతకాలని కాక, ఎన్నేళ్లు, ఎందరు పిల్లలు, ఊరి పిల్లలూ వాడ పిల్లలూ ఒకే జట్టులో ఆడారా అని చూడాలి. మూడోది, శాలువాతో పాటు నెలవారీ గౌరవ వేతనం, వైద్యం హక్కుగా అందాలి. నాలుగోది, బడి మైదానాలకు, గ్రామ క్రీడా ప్రాంగణాలకు స్థలదాతల, నాయకుల పేర్లే కాదు, అక్కడ పిల్లలను ఆడించినవారి పేర్లూ పెట్టాలి.

ఇక విద్యార్థులు ప్రభుత్వం కోసం ఎదురుచూడనక్కరలేని పని ఒకటుంది. ప్రతి డిగ్రీ కళాశాల విద్యార్థి తన ఊరిలోని ఒక వ్యాయామోపాధ్యాయుడి, ఒక కుస్తీ గురువు, ఒక వాలీబాల్ శిక్షకుడి జీవితాన్ని విని రాసి బడి గ్రంథాలయంలో ఉంచవచ్చు. రాజుల వంశచరిత్రలు రాయడానికి ఆస్థాన కవులున్నారు. వీరి చరిత్ర రాయడానికి మీరున్నారు.

వనపర్తి రాజప్రాసాదంలో ఇవాళ పాలిటెక్నిక్ కళాశాల నడుస్తోంది. ఒకనాడు ప్రభువులు నివసించిన మేడలో కూలీల పిల్లలు యంత్రశాస్త్రం చదువుకుంటున్నారు. భవనం చేతులు మారినట్టే సన్మానమూ చేతులు మారాలి. ఇచ్చేవాడి పెద్దరికాన్ని చాటే తంతుగా కాక, పుచ్చుకునేవారి శ్రమకు సమాజం చెల్లించే బాకీగా అది మారిన రోజున వెనుక వరుసలో నిలబడిన మనిషికి కుర్చీ కోసం ఎవరి దయా అక్కర్లేదు.