కిటెంగెలా

కిటెంగెలా కెన్యా దేశంలోని కజియాడో కౌంటీకి చెందిన ఒక పట్టణము. ఇది రాజధాని నైరోబికి దక్షిణాన సుమారు 30 కి.మీ. దూరంలో, టాంజానియా సరిహద్దున గల నమంగాకు వెళ్ళే రహదారిపై ఉన్నది. 2009లో సుమారు 58 వేలుగా ఉన్న ఇక్కడి జనాభా 2019 జనాభా లెక్కల నాటికి 1.54 లక్షలకు చేరినది.

చరిత్ర

ఈ పచ్చిక మైదానాలలో మాసాయి తెగవారు తరతరాలుగా పశువులను మేపుకొనేవారు. 1968 నాటి చట్టము క్రింద మాసాయిల భూములు ఉమ్మడి క్షేత్రాలుగా ఏర్పడినవి. కిటెంగెలా ఉమ్మడి క్షేత్రాన్ని 1988లో సభ్యులకు విడివిడిగా పంచారు. పట్టాతోపాటు భూమిని అమ్ముకొనే వీలు కూడా వారికి కలిగినది. 1990లలో సమీపంలోని ఆథీ రివర్ వద్ద ఎగుమతి పరిశ్రమల మండలము రావడంతో కార్మికులకు ఇళ్ళు అవసరమైనవి. నైరోబి అద్దెలు భరించలేని ఉద్యోగులు కూడా ఇక్కడికి తరలివచ్చారు.

ప్రజలు, జీవనము

పట్టణవాసులలో మాసాయిలతోపాటు కికుయు, కాంబా మొదలగు తెగలవారు ఉన్నారు. స్వాహిలి, ఆంగ్లము వ్యవహార భాషలు. చాలామంది ఉదయమే మటాటు అనబడే చిన్న బస్సులలో నైరోబికి వెళ్ళి సాయంత్రము తిరిగివస్తారు.

వన్యప్రాణుల సమస్య

పట్టణానికి సమీపంలో 1946లో స్థాపించిన నైరోబి జాతీయ వనము ఉన్నది. వానాకాలంలో విల్డెబీస్టులు, జీబ్రాలు వనము దాటి ఈ మైదానాలకు మేతకు వచ్చేవి. ఇళ్ళు, కంచెలు పెరిగి ఆ దారి ఇరుకైనది. ఈ మైదానాలలో 1970ల చివర పాతికవేలకు పైబడిన విల్డెబీస్టులు 2010ల నాటికి కొద్ది వేలకు తగ్గినవి. 2012 జూన్‌లో మేకలను చంపిన ఆరు సింహాలను స్థానికులు చంపివేశారు. దొడ్డి చుట్టూ వెలిగి ఆరే దీపాలతో సింహాలను బెదరగొట్టే ఉపాయాన్ని ఈ ప్రాంతపు మాసాయి బాలుడు రిచర్డ్ టురేరే కనుగొని, 2013లో టెడ్ సభలో వివరించాడు.

దీపాలు మందను కాపాడగలవు గాని మేత భూమిని కాపాడలేవు. కంచె వేయకుండా, భూమిని అమ్మకుండా ఉంచినవారికి ఎకరాకు ఏటా 4 డాలర్ల చొప్పున చెల్లించే పథకము 2000లో మొదలైనది. ఇంటి స్థలాల ధరల ముందు ఆ మొత్తము స్వల్పము. కరవులో పశువులను కోల్పోయిన కుటుంబానికి భూమి అమ్మకమే దగ్గరి దారి. కంచెలు పెరిగేకొద్దీ, భూమిని అమ్మక నిలుపుకొన్నవారి మందలకు కూడా మేతకు దారి ఉండదు. కావున ఇక్కడి చిక్కు మనుషులకు, మృగాలకు మధ్య మాత్రమే కాదు; ఒకరి పట్టా హక్కుకు, అందరి ఉమ్మడి మేతకు మధ్య కూడా ఉన్నది.