కులం ముక్క తీసేస్తే మాట్లాడనిస్తారట!

"మీరేమిట్లు?" అని నన్నెవరూ అడగలేదు. అడక్కుండానే కనుక్కున్నారు.

హైదరాబాదులో సాఫ్ట్‌వేరు వాళ్ల సదస్సది. నేను ప్రకాశం జిల్లాలో సర్కారు బడి లెక్కల పంతుల్ని. మాదిగపల్లెలో పుట్టినోణ్ణి. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి. పగలు పాఠాలు, రాత్రి ప్రోగ్రాములు. పాత కంప్యూటరొకటి కొనుక్కుని, తప్పులు చేసి చేసి నేర్చుకున్నా. మా బడిలో అడ్మిషన్లూ, హాజరూ, మార్కులూ లెక్కగట్టే ప్రోగ్రాం నేను రాసిందే. చుట్టుపక్కల బడుల వాళ్లూ దాన్నే వాడుతున్నారు. అంచేత నేనూ సాఫ్ట్‌వేరు వాణ్ణే అనుకుని, జీతంలోంచి టికెట్టు కొని, రాత్రి బస్సెక్కి పోయాను.

మెడలో పేరు రాసిన బిళ్ల వేశారు. అందరికీ కంపెనీ పేరున్న చోట నాకు బడి పేరుంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర మా జిల్లా ఆయనొకడు కలిశాడు.

"ఏ ఊరండీ?" చెప్పాను.

"అక్కడ మా మేనత్త వాళ్లున్నారే! ఊళ్లో ఎక్కడ?"

"ఆ చివరండీ."

"ఇంటిపేరు?" చెప్పాను.

"ఓహో" అన్నాడు. ఫోను చూసుకుంటూ వేరే బల్ల దగ్గరికి పోయాడు. తిట్టలేదు, కొట్టలేదు. ఇది 1985 నాటి కారంచేడు కాదు, 1991 నాటి చుండూరు కాదు. ఉత్త "ఓహో". కానీ అలాంటి సదస్సుల్లో పరిచయాలూ, సిఫార్సులూ, ఉద్యోగాల కబుర్లూ పుట్టేది వేదిక మీద కాదు, ఆ అన్నం బల్లల దగ్గరే. అక్కడ "ఓహో" అంటే తలుపేసినట్టే.

సాయంత్రం వేదిక మీద ఒకాయన "కోడ్‌కు కులం లేదు" అన్నాడు. చప్పట్లు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, నేనూ కొట్టాను.

నా కోడే నాకు బుద్ధి చెప్పింది. జూన్‌లో ఒకమ్మ కూతుర్ని బళ్లో చేర్చడానికొచ్చింది. మతం గడిలో క్రైస్తవం అనీ, కులం గడిలో మాదిగ అనీ నొక్కాను. తెర మీద ఎర్రగా "తప్పు" అని వచ్చింది. ఆ తప్పు పట్టే ప్రోగ్రాం రాసింది నేనే! 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువుల్నే ఎస్సీలంది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ కలిపారు. చర్చికి పోయే మాదిగ మాత్రం ఎస్సీ కాదు, మా దగ్గర బీసీ-సి. ఆ ఉత్తర్వుని నేనే రెండు వరుసల కోడ్‌గా రాసిపెట్టాను. "హిందువనే రాయి సారూ, దేవుడు కాయితాలు చూస్తాడా?" అంది ఆ తల్లి. ఊరికి మాదిగే, పల్లెకి మాదిగే, నా కోడ్‌కి మాత్రం కాదు! కోడ్‌కు కులం లేదా? నా చేత్తో నేనే పెట్టాను గదా!

మరుసటేడు అదే సదస్సుకి ఈ సంగతే ప్రసంగంగా పంపాను. బడి రిజిస్టరులో ఏ గడి ఏ బిడ్డని బయటికి నెడుతుందో, అందులో ప్రోగ్రాం రాసేవాడి పాపమెంతో రాశాను. జవాబు మర్యాదగానే వచ్చింది. తెలుగు పేర్లని కంప్యూటర్లో ఎలా దాచాలో చెప్పిన భాగం బాగుందట. కులం ముక్క తీసేస్తే చోటిస్తారట. అది సాంకేతిక విషయం కాదట!

సాంకేతికం ఏదో మీరే తేలుస్తారా? మా తాత లందలో సున్నమెంతో, తంగేడు చెక్కెంతో, నానాల్సిన రోజులెన్నో లెక్కగట్టి పచ్చితోలుని చెప్పుగా మార్చాడు. దాన్నీ మీరు సాంకేతికం అనలేదు.

ఈ జవాబు పాతదే. 1936లో లాహోరు సభకి అధ్యక్షుడిగా జాత్‌పాత్ తోడక్ మండల్ అంబేద్కర్‌ని పిలిచింది. ప్రసంగం ముందే చూసి జడుసుకుని, కొన్ని ముక్కలు తీసెయ్యమంది. ఆయన తియ్యనన్నాడు. సభ రద్దయింది. సొంత డబ్బుతో అచ్చేయించాడు. అదే 'కుల నిర్మూలన'. 2022 ఏప్రిల్‌లో గూగుల్‌లో తేన్‌మొళి సౌందరరాజన్ కులం మీద మాట్లాడాల్సి ఉంటే, కొందరు ఉద్యోగులు అడ్డుపడ్డారు, ఆ ప్రసంగమూ రద్దయింది. ఎనభై ఆరేళ్లలో మారిందల్లా ఊరి పేరే!

2020లో సిస్కోలో ఒక దళిత ఇంజనీరుకి వివక్ష జరిగిందని కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖే కేసు వేసింది. కంపెనీ కాదంది. 2023లో ఇద్దరు అధికారుల మీద కేసు ఉపసంహరించుకున్నారు గానీ, కంపెనీని వదల్లేదు. అదే ఏడు ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది. కోడ్‌కు కులం లేకపోతే, సాఫ్ట్‌వేరు వాళ్లు నిండిన ఆ నగరానికి అలాంటి చట్టం ఎందుకు కావలసొచ్చిందయ్యా?

కులం ముక్క తియ్యను. తీసేస్తే మిగిలేది మీ ప్రసంగమే, నాది కాదు. మీరు చోటివ్వని మాటని ఇక్కడ అచ్చేయిస్తున్నాను. వచ్చే ఏడూ ఇదే పంపుతాను, ఇదే ఇంటిపేరుతో. మా బళ్లో ఇద్దరు పిల్లలు అప్పుడే ప్రోగ్రాములు రాస్తున్నారు. వాళ్లనీ వెంటబెట్టుకొస్తా. టికెట్లు మేమే కొనుక్కుంటాం. "ఊళ్లో ఎక్కడ?" అని అడగండి. ఈసారి "ఆ చివర" అనను. మాదిగపల్లె అని మేమే ముందు చెప్తాం. ఆ తర్వాత "ఓహో" అని లేచిపోతారో, బల్ల దగ్గర కాస్త జరిగి చోటిస్తారో, మీరు తేల్చుకోండి.