బలిపీఠం మీది నీరు, పొలంలోని నీరు ఒక్కటే



ప్రతి ఏటా సెప్టెంబర్ 1వ తేదీన సృష్టి పరిరక్షణ కోసం ప్రార్థన దినం జరుపుకొంటున్నాము. 2015లో ఫ్రాన్సిస్ పాపుగారు ఈ దినాన్ని కతోలిక శ్రీసభకు ఏర్పాటు చేశారు. ఆ రోజు మొదలు అక్టోబర్ 4న వచ్చే అస్సీసీ ఫ్రాన్సిస్ వారి పండుగ వరకు ఉన్న రోజులను 'సృష్టి కాలం' అంటున్నాము. ఆ రోజుల్లో మనం చేసేది ఏమిటి? గుడి ఆవరణలో మొక్క నాటుతాము, ఫోటో దిగుతాము, పిల్లలకు వ్యాసరచన పోటీ పెడతాము. ఇవన్నీ మంచివే. కాని సరిగ్గా ఆ రోజుల్లోనే మన పత్తి పూత మీద, కాయ మీద ఉంటుంది. మిరప తోట నాటుకొని నిలదొక్కుకుంటూ ఉంటుంది. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ఊరి పొలం వైపు వెళ్ళినా వీపున పంపు వేసుకొని మందు కొట్టే మనిషి కనబడతాడు. మందు గాలి తగిలి సొమ్మసిల్లినవారిని ఆటోల్లో ఆసుపత్రికి తెచ్చే రోజులు కూడా అవే. సృష్టి కాలము, మందు కొట్టే కాలము మన ప్రాంతంలో ఒకేసారి వస్తున్నాయి. గుడిలో ఒకదాని గురించి మాట్లాడి రెండోదాని గురించి మౌనంగా ఉండడం సరికాదని నా అభిప్రాయం.

"సిస్టర్, గుడిలో దేవుని మాట చెప్పాలి గాని పురుగుమందు మాట ఎందుకు?" అని మంచి విశ్వాసులే అడుగుతుంటారు. పురుగుమందు వ్యవసాయ శాఖ పని, విషం ఎక్కితే ఆసుపత్రి పని, గుడి పని ప్రార్థన అని వారి లెక్క. ఈ లెక్క మన కతోలిక విశ్వాసానికి సరిపోదు. ఎందుకు సరిపోదో దివ్యసంస్కారాలే మనకు చెబుతాయి.

దేవుడు చేతిలోకి తీసుకొన్న వస్తువులు

మన శ్రీసభలో దేవుని కృప మాటల ద్వారా మాత్రమే రాదు. నీటి ద్వారా వస్తుంది, నూనె ద్వారా వస్తుంది, అప్పం ద్వారా, ద్రాక్షరసం ద్వారా వస్తుంది. జ్ఞానస్నానానికి నిజమైన నీరే కావాలి. పూజకు గోధుమ అప్పమే కావాలి. అర్పణ సమయంలో గురువులు అప్పాన్ని పైకెత్తి కృతజ్ఞతలు చెప్పేటప్పుడు, అది నేల ఇచ్చిన పంట అనీ, మనిషి చేతి కష్టం అనీ రెండూ చెబుతారు. అంటే నేలను, ఆ నేల మీద పని చేసిన చేతులను ఆ క్షణంలో బలిపీఠం మీదికి తెస్తున్నారన్నమాట. 2015లో ఫ్రాన్సిస్ పాపుగారు వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో 235, 236 పేరాలు ఈ సంగతినే వివరిస్తాయి. దివ్యసంస్కారాల్లో దేవుడు ప్రకృతిని తన చేతిలోకి తీసుకొని, తన జీవాన్ని మనకు అందించే సాధనంగా చేసుకొంటాడని, సృష్టి అంతా సత్ప్రసాదంలో తన అత్యున్నత స్థానాన్ని పొందుతుందని వాటి సారాంశం.

నీటినే తీసుకోండి. పాస్కా జాగరణ రాత్రి గురువులు ఆశీర్వదించే నీరు ఆకాశం నుంచి ప్రత్యేకంగా దిగి రాలేదు. మన ఊళ్ళలో చాలావాటికి అది సాగర్ కుడి కాలువ నీరే. కాలువ నీటితో చెరువు నింపుకొంటాము, ఆ చెరువు నీరే తాగుతాము, ఆ నీరే జ్ఞానస్నాన తొట్టిలోకి వస్తుంది. సాయంత్రం పని ముగిశాక పంపులు కడిగేది కూడా ఆ కాలువలోనే. ఖాళీ మందు డబ్బాలు తేలేది కూడా ఆ నీటి మీదనే. బిడ్డ నుదుట పోసే నీటిని చేతులు జోడించి చూస్తాము. అదే నీటిలో పంపు కడుగుతున్నప్పుడు మాత్రం మనకు ఏమీ అనిపించదు. రెండూ ఒకే నీరు కదా!

నూనె సంగతి ఇంకా స్పష్టం. వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి పూర్వం ఒలీవ నూనె తప్పనిసరి. ఒలీవ చెట్టు పెరగని దేశాల ఇబ్బందిని గమనించి, 1972 నవంబర్ 30న ఆరవ పౌలు పాపుగారు ఇతర మొక్కల నుంచి తీసిన నూనెనైనా వాడవచ్చని అనుమతించారు. దీని అర్థం ఆలోచించండి. మన చేలో పండే నువ్వుల నూనె గాని, వేరుశనగ నూనె గాని, ఆఖరికి పత్తిగింజల నూనె గాని, ఆశీర్వాదం పొందితే రోగికి దేవుని ఓదార్పును మోసుకు రాగలవు. నీ నేల మీద పెరిగిన మొక్క ఈ పనికి తగినదే అని శ్రీసభ ఒప్పుకొన్నప్పుడు, ఆ నేలను మనం ఎలా చూసుకొంటున్నామనేది గుడికి సంబంధం లేని విషయం ఎలా అవుతుంది?

ఆ నూనె ఎక్కడ రాస్తారు? నుదుటి మీద, రెండు చేతుల మీద. మందును డ్రమ్ములో పోసి, పుల్ల దొరక్క మోచేతి వరకు చెయ్యి పెట్టి కలిపేది ఆ చేతులతోనే. మందు కొట్టిన రెండో రోజే మిరపకాయలు కోసి, అదే చేతితో అన్నం ముద్ద కలుపుకొనేది ఆ చేతులతోనే. అభ్యంగనం పొందే చేతులను విషం నుంచి కాపాడడం కూడా ఆ సంస్కారం పట్ల మనం చూపే గౌరవమే అని నేను నమ్ముతాను.

ఇక్కడ ఒక మాట. మన పెద్దలు ఈ సంస్కారాన్ని 'అవస్థ అభ్యంగనం' అని పిలవడం వల్ల, గురువులు వార్డులోకి వచ్చారంటే ఆశ వదులుకోవాల్సిందేనని బంధువులు భయపడతారు. చివరి ఘడియ దాకా కబురు చెయ్యరు. 1963లో రెండవ వాటికన్ మహాసభ దైవార్చన చట్టంలోనే, ఇది మరణ ఘడియకు మాత్రమే కాదు, జబ్బు ప్రమాదకరంగా మారడం మొదలైనప్పుడే పొందదగినదని చెప్పింది. దయచేసి ఆలస్యం చేయవద్దు.

గుంటూరులోనే మొదలైన పాఠం

గుడిని, ఆసుపత్రిని విడదీయకూడదని మనకు నేర్పినవారు ఈ గడ్డ మీదనే పని చేశారు. ఆస్ట్రేలియా దేశపు వైద్యురాలు డాక్టర్ మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. సభలో మఠకన్యగా చేరారు. మఠకన్యలు వైద్యం చేయడం అప్పట్లో సాధారణం కాదు. పాపుగారి ప్రత్యేక అనుమతితో ఆమె వైద్యం కొనసాగించారు. 1943లో ఇక్కడే మరికొందరు మఠకన్యలతో కలిసి కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. ప్రార్థన ఒక గదిలో, మందు ఇంకో గదిలో అని ఆమె అనుకొని ఉంటే మన మిషన్ ఆసుపత్రుల చరిత్ర ఇంకోలా ఉండేది.

తప్పు ఎవరిది?

మందు కొట్టే మనిషిని నిందించడం నా ఉద్దేశం కాదు. 1987-88లో మన పత్తి చేలను తెల్లదోమ కమ్మేసింది. పైరిత్రాయిడ్ మందులు మితిమీరి కొట్టడం వల్ల మిత్ర పురుగులు చచ్చి, తెల్లదోమ విజృంభించింది. అప్పుల పాలై ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పలువురు రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. 2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చింది. కాయతొలుచు పురుగు కొంతకాలం తగ్గింది గాని, రసం పీల్చే పురుగుల బెడద తీరలేదు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను పూతలోనే నాశనం చేసింది. కౌలు ముందే చెల్లించి, మందులు అప్పు మీద తెచ్చుకొన్న కౌలు రైతుకు "కొట్టవద్దు" అని చెప్పడం తేలిక, పాటించడం కష్టం. రోజు కూలికి పంపు మోసే మనిషికైతే ఏ మందు కొట్టాలో నిర్ణయించే అధికారమే లేదు. నేల మొర, పేదవాని మొర వేరు కాదని 'లౌదాతో సీ' చెప్పింది ఇందుకే.

కాని మార్పు సాధ్యమే. శ్రీలంక దేశం 1995లో అత్యంత విషపూరితమైన మందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను ఆపివేసింది. తరువాతి 20 ఏళ్ళలో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. మన దేశంలో 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను నిలిపివేసింది. మన రాష్ట్రంలో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. వేపగింజల కషాయం, జీవామృతం మన పక్క ఊళ్ళలోనే తయారవుతున్నాయి.

మందును కావాలని తాగి వచ్చేవారూ ఉన్నారు. వారి కుటుంబాలు సిగ్గుతో గురువులకు కబురు చెయ్యవు. 1983 శ్రీసభ చట్టంలో, క్రైస్తవ సమాధి నిరాకరించవలసిన వారి జాబితాలో ఆత్మహత్య చేసుకొన్నవారు లేరు. తీవ్రమైన మనోవేదన బాధ్యతను తగ్గిస్తుందని, అలాంటివారి కోసం శ్రీసభ ప్రార్థిస్తుందని సత్యోపదేశం చెబుతోంది. బ్రతికి బయటపడినవారిని నిలదీయకండి, పక్కన కూర్చోండి. మనసు బరువెక్కినవారు 14416 టెలి మానస్ నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

విచారణల్లో చేయదగినవి

పూజ్య గురువులకు, ఉపదేశులకు, మరియదళం సభ్యులకు నా మనవి ఇది.

మొదటిది, సెప్టెంబర్ నెలలో ఒక ఆదివారం పూజానంతరం పది నిమిషాలు ఆసుపత్రి నర్సుకు ఇవ్వండి. డబ్బా మీది త్రికోణం గుర్తులో ఎరుపు రంగు అత్యంత విషమని, తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ అని గుర్తుపట్టడం నేర్పుతాము.

రెండవది, కాలువలో, చెరువులో పంపు కడగబోమని ఊరి పెద్దల చేత గుడిలోనే మాట ఇప్పించండి. ఖాళీ డబ్బాలు నీళ్ళకు, నూనెకు వాడకుండా చిల్లులు పెట్టించండి.

మూడవది, మందును ఇంట్లో, ముఖ్యంగా మంచం కింద, వంటింట్లో దాచవద్దని చెప్పండి. తాళం ఉన్న పెట్టెలో, వేరే చోట పెట్టాలి. దీనివల్ల పిల్లలూ బ్రతుకుతారు, క్షణికావేశంలో ఉన్న పెద్దలూ బ్రతుకుతారు.

నాల్గవది, తొలి పంట గుడికి తెచ్చే రైతులను, ఆ తోటలో కోత కూలీలకు నీళ్ళు, సబ్బు, నీడ ఏర్పాటు చేశారా అని ప్రేమగా అడగండి. కానుక అప్పుడు పరిపూర్ణమవుతుంది.

మందు ఎక్కినవారికి వెంటనే చేయవలసిన సేవ కూడా అందరూ గుర్తుంచుకోవాలి. చెమటలు, చొంగ, వాంతి, కంటిపాప చిన్నదవడం, కండరాలు అదరడం కనబడితే మనిషిని చేలోంచి గాలి తగిలే చోటికి తీసుకురండి. బట్టలు విప్పించి తల నుంచి గోళ్ళ వరకు సబ్బుతో కడగండి. కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోవాలి. కంట్లో పడితే 15 నిమిషాలు మంచినీటితో కడగాలి. ఉప్పునీళ్ళు, చింతపండు రసం పట్టి వాంతి చేయించకండి. పాలు, నూనె తాగించకండి. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోన్ చేసి, మందు డబ్బాను సంచిలో చుట్టి వెంట తీసుకురండి. ఇలాంటి విషానికి మేము వాడే అట్రోపిన్ కూడా మొదట బెల్లడోనా అనే మొక్క నుంచి తీసినదే. సృష్టికర్త మందును కూడా సృష్టిలోనే పెట్టాడు.

ఆదాము తోటను సాగు చేయడానికే కాదు, కాపాడడానికి కూడా నియమింపబడ్డాడని ఆదికాండం రెండవ అధ్యాయంలో చదువుతాము. మన ప్రాంతంలో సాగు చేయడంలో ఎవరికీ తీసిపోము. కాపాడడమే మిగిలి ఉంది. 2025లో రోము నుంచి సృష్టి పరిరక్షణ కోసం ఒక ప్రత్యేక పూజా ప్రార్థనల క్రమం వెలువడింది. అదే ఏడాది జూలై 9న పద్నాలుగవ లియో పాపుగారు ఆ పూజను స్వయంగా సమర్పించారు. రాబోయే సెప్టెంబర్‌లో ఒక మామూలు రోజు సాయంత్రం, పొలం నుంచి కూలీలు తిరిగి వచ్చే వేళకు, ప్రతి విచారణలో ఆ పూజ జరగాలని, దానికి పంపు మోసేవారిని, కోత కోసేవారిని ముందు వరుసలో కూర్చోబెట్టాలని కోరుకొంటున్నాను. చేతులు కడుక్కోవడానికి గుడి వాకిట నీళ్ళు, సబ్బు మేము తెస్తాము.

ప్రభువు మన నేలను, నీటిని, పనివారి చేతులను దీవించును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్