శాంతి పరిశోధన ఎవరి హక్కు?

మత కలహాలను గురించీ, మత సామరస్యాన్ని గురించీ పరిశోధించడానికి మన పిల్లలు విదేశాలకు వెళ్లవలసిన అవసరం ఏమున్నదని పెద్దలు కొందరు ప్రశ్నిస్తున్నారు. ప్రశ్న అమాయకంగా కనిపిస్తుంది. దేశాభిమానంగా కూడా ధ్వనిస్తుంది. కాని ఎవరిని అడుగుతున్నారో గమనిస్తే దాని అసలు రంగు బయటపడుతుంది. లక్షలు వెచ్చించి కొడుకును లండన్‌కు పంపగల ఆసామిని ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అతని కొడుకు అక్కడ మతాన్ని చదివినా, మద్యాన్ని చదివినా అభ్యంతరం లేదు. కమలాపురం చేలల్లో శనక్కాయలు పీకే కూలీ బిడ్డ, నాపరాళ్ల గనిలో పనిచేసే సాయిబు బిడ్డ వెళ్తానంటేనే ఈ ప్రశ్న పుట్టుకొస్తుంది.

నేనేమీ ఊహించి చెప్పడం లేదు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ తన నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనలను సవరించింది. 1954-55 నుంచీ నడుస్తున్న పథకం ఇది. షెడ్యూల్డు కులాల పిల్లలకూ, సంచార జాతుల పిల్లలకూ, భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తులవాళ్ల పిల్లలకూ ఉద్దేశించినది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల రూపాయలు మించకూడదు. ఆ యేడు దేశం మొత్తానికి ఉన్న స్థానాలు 125. సవరించిన నిబంధన ఏమంటుందంటే, భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజాధ్యయనం - వీటి మీద పరిశోధనకు ఈ వేతనం వర్తించదు. ఆ సంవత్సరమే మరి రెండు తలుపులు మూసుకున్నాయి. మైనారిటీ పరిశోధకుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును 2022-23 నుంచి నిలిపివేశారు. విదేశీ చదువులకు అప్పు తెచ్చుకున్న మైనారిటీ విద్యార్థులకు వడ్డీ భారం తగ్గించే ‘పఢో పర్‌దేశ్’ పథకాన్నీ ఆపివేశారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. దళితుని బిడ్డ అమెరికా వెళ్లి వంతెనలు కట్టడం నేర్చుకోవచ్చు. తన వాడకూ ఊరికీ మధ్య వంతెన ఎందుకు లేదో అధ్యయనం చేయడానికి మాత్రం సర్కారు పైసా ఇవ్వదు. ముస్లిము బిడ్డకు ఆ మొదటి అవకాశానికి ఉన్న ఊతం కూడా పోయింది. చేతులకు పని నేర్పుతాం, బుద్ధికి పని చెప్పవద్దు అన్నదే ఇందులోని నీతి. ఇది పాత నీతే. మనువు కాలం నుంచీ ఉన్నదే.

1916 మే నెలలో న్యూయార్కులో, కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకడు ‘భారతదేశంలో కులాలు’ అనే పత్రం చదివాడు. అతడు అక్కడికి వెళ్లింది బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థి వేతనంతో. పేరు భీమరావు అంబేడ్కర్. ఇప్పటి సవరణ ప్రకారం ఆ విషయం మీద పరిశోధనకు అర్హత లేదు. ఒక సంస్థానాధీశుడు ఇవ్వగలిగిన స్వేచ్ఛను ఒక గణతంత్ర రాజ్యం ఇవ్వలేకపోయిందంటే, సిగ్గుపడవలసింది ఎవరో పాఠకులే నిర్ణయించుకోగలరు.

ఈ సవరణను సమర్థించేవాళ్ల మొదటి వాదం: ఆధారాలన్నీ ఇక్కడే ఉన్నాయి, వాటికోసం విదేశాలకు పోవడమెందుకు? ఇంతకంటే డొల్ల వాదం మరొకటి లేదు. ఈస్టిండియా కంపెనీ కాలం నుంచీ మన జిల్లాలను పాలించిన దొరల దస్తావేజులు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో గుట్టలుగా ఉన్నాయి. అమెరికా మనకు గోధుమలు అమ్మి, పి.ఎల్. 480 ఒప్పందం కింద జమ చేసుకున్న రూపాయలతో 1962 నుంచి మన భాషల పుస్తకాలూ పత్రికలూ కొని తన విశ్వవిద్యాలయాలకు తరలించింది. మన ఆకలి ఖరీదుతో మన పుస్తకాలు సముద్రాలు దాటాయి. పుస్తకాలు పోవచ్చునట, వాటిని చదవడానికి కూలీ బిడ్డ పోకూడదట!

ఇక్కడ ఉన్న ఆధారాల గతి ఏమిటో కూడా చెప్పుకోవాలి. 1948 పోలీసు చర్య తరువాత హైదరాబాదు సంస్థానంలో జరిగిన హత్యాకాండను విచారించడానికి నెహ్రూ ప్రభుత్వం పండిత సుందరలాల్ బృందాన్ని పంపింది. చనిపోయినవారు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటారని ఆ బృందం అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. అంతకు ముందు రజాకార్లు చేసిన ఘోరాలను మనం పాటలుగా కట్టుకున్నాం, కథలుగా రాసుకున్నాం. అది న్యాయమే. కాని రెండవ ఘోరాన్ని గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు నోళ్లు మూతబడ్డాయి. ఆ మౌనాన్ని పరిశోధించి 2023లో ఇంగ్లీషులో గ్రంథం ప్రకటించినవాడు ఖమ్మం జిల్లా కవి అఫ్సర్. ఆయన ఆ పుస్తకం రాసింది అమెరికాలో పాఠాలు చెప్పుకుంటూ.

రెండవ వాదం దీనికంటే తియ్యగా ఉంటుంది. మన సీమ సామరస్యానికి పుట్టినిల్లు, ఇక్కడ కలహమే లేదు, కలహం లేనిచోట పరిశోధన ఎందుకు అంటారు. ఉదాహరణలకు కొదవలేదు. ఉగాదినాడు దేవుని కడప వెంకటేశ్వరుని గుడికి ముస్లిములు వెళ్తారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు గనక స్వామి తమకు అల్లుడంటారు. కడప పెద్ద దర్గా ఉరుసులోనూ, కమలాపురం దర్గా ఉరుసులోనూ హిందువులు బారులు తీరుతారు. పోతులూరి వీరబ్రహ్మంగారి ప్రియశిష్యుడు దూదేకుల సిద్ధయ్య. ఇవన్నీ నిజాలే. వీటిని చూసి నేనూ గర్వపడతాను.

కాని ఏటేటా అవే ఛాయాచిత్రాలు వేసి, కింద ‘మత సామరస్యానికి ప్రతీక’ అని రాస్తే అధ్యయనం అయిపోదు. ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. సిద్ధయ్యకు మఠం కట్టి మొక్కే సమాజమే దూదేకులవాళ్ల మీద వెటకారపు సామెతలు ఎందుకు కట్టింది? నాంచారమ్మ పుట్టింటివాళ్లమని చెప్పుకునే ఆమెకు పట్నంలో అద్దెయిల్లు అడిగినప్పుడు ఆ చుట్టరికం ఎంతవరకు అక్కరకు వస్తుంది? ఈ ప్రశ్నలు వేయనంతకాలం సామరస్యం ఒక అలంకారం మాత్రమే. పండగనాడు కట్టి మరునాడు మడిచిపెట్టే పట్టుచీర.

ప్రశ్న వేసినవాడికి ఏమి దొరుకుతుందో అఫ్సరే చూపించాడు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండగను అధ్యయనం చేసి 2013లో ఆయన మరొక ఇంగ్లీషు గ్రంథం ప్రకటించాడు. ఆ పండగకు వచ్చే జనంలో ముస్లిములు కానివాళ్లే ఎక్కువ. పీరునూ ఆంజనేయస్వామినీ ఒకే ప్రయాణంలో దర్శించుకుంటారు. ఇంతవరకు మన విలేఖరులూ చెబుతారు. అఫ్సర్ దానికి అవతల ఉన్నదాన్ని చూశాడు. ఇది అసలైన ఇస్లాం కాదంటూ వచ్చే సంస్కర్తలు, వాళ్ల ఒత్తిడికి ఊరివాళ్లు ఇచ్చే సమాధానాలు, భక్తిని ఎవరికి వాళ్లు శుద్ధిచేయాలనే తాపత్రయం - ఇవన్నీ పరిశీలించాడు. సామరస్యం కొండలాగా నిలిచివుండే వస్తువు కాదనీ, మనుషులు రోజూ తమలో తాము తేల్చుకుంటూ నిలబెట్టుకునే సంబంధమనీ ఆ పుస్తకం చదివితే అర్థమవుతుంది. నిలబెట్టేవాళ్లు అలసిపోతే అది కూలుతుంది. అందుకే అధ్యయనం కావాలి.

శాస్త్రీయమైన పోలిక లేకుండా ఈ అధ్యయనం సాధ్యం కాదు. అశుతోష్ వర్షణే 2002లో ప్రకటించిన పుస్తకంలో ఆరు నగరాలను జంటలుగా పోల్చాడు: అలీగఢ్ - కాలికట్, హైదరాబాదు - లక్నో, అహమ్మదాబాదు - సూరత్. 1950 నుంచి 1995 వరకు హిందూ ముస్లిం కలహాల్లో చనిపోయినవాళ్లలో గ్రామాల వాటా నూటికి నాలుగు కూడా లేదనీ, ఎనిమిది నగరాలలోనే నూటికి 45 మందికి పైగా చనిపోయారనీ లెక్కలు తేల్చాడు. వర్తక సంఘాలూ, కార్మిక సంఘాలూ, పార్టీలూ రెండు మతాలవాళ్లనూ కలిపి నడిపించినచోట వదంతి ఊచకోతగా మారలేదన్నది అతని సిద్ధాంతం. పాల్ బ్రాస్ 2003లో దీనికి ఎదురు వాదం తెచ్చాడు. కలహం దానంతట అది పుట్టదు, దాన్ని తయారుచేసే యంత్రాంగం ఉంటుంది, ఒక్కొక్కరికీ ఒక్కొక్క పాత్ర ఉంటుంది, పని ముగిశాక నేరాన్ని ‘ప్రజల ఆవేశం’ మీదికి నెట్టేస్తారు అన్నాడు. నాకు ఈ రెండు మాటలూ కలిపి చదువుకోవలసినవిగా కనిపిస్తాయి. సంఘాలు బలంగా ఉంటే యంత్రానికి మనుషులు దొరకరు. సంఘాలు విరిగినచోట దానికి కూలికి మనుషులు దొరుకుతారు. గుంతకల్లు - రేణిగుంట రైలుదారిలో ఉన్న కమలాపురం వంటి చిన్న పట్నం ఇందులో దేనికి దగ్గర? ఇది తేల్చవలసింది అక్కడ పుట్టినవాడు గాక ఇంకెవరు?

మూడవ వాదం మన మిత్రుల నుంచే వస్తుంది. అమెరికా డబ్బుతో సాగే శాంతి పరిశోధన సామ్రాజ్యవాదపు ముసుగు కాదా అంటారు. ఈ అనుమానం నిరాధారం కాదు. బాంబులు తయారుచేసేవాళ్ల దేశాలలోనే శాంతి పీఠాలు కూడా ఉన్నాయి. అయినా అనుమానం ఒక సిద్ధాంతానికి ప్రత్యామ్నాయం కాదు. అభ్యుదయ రచయితల ఉద్యమపు తొలి ప్రణాళిక 1935లో లండన్‌లో తయారైంది. సజ్జాద్ జహీర్, ముల్క్ రాజ్ ఆనంద్ వంటి యువకులు సామ్రాజ్యవాదపు రాజధానిలో కూర్చునే దానికి వ్యతిరేకంగా కలం పట్టారు. ఎక్కడ చదివారన్నది ముఖ్యం కాదు, ఎవరి తరపున చదివారన్నది ముఖ్యం.

పైగా ఆ శాంతి శాస్త్రంలోనే మనకు పనికొచ్చే ఆయుధాలున్నాయి. 1959లో ఓస్లోలో శాంతి పరిశోధనా సంస్థను స్థాపించిన యోహాన్ గాల్టుంగ్, కొట్లాట లేకపోవడమే శాంతి కాదని చెప్పాడు. కత్తి ఎత్తకుండానే మనుషులను చంపే వ్యవస్థ కూడా హింసేనని 1969లో వాదించాడు. 1876-78 ధాత కరువులో మన జిల్లాల జనం కూటికి లేక చచ్చిపోతుంటే మద్రాసు రేవు నుంచి ధాన్యం ఎగుమతి అయింది. అప్పుడు ఇక్కడ మత కలహమేమీ లేదు. దాన్ని శాంతి అందామా?

బెల్‌ఫాస్టుకు వెళ్లిన మన విద్యార్థి 1969 నుంచి కాథలిక్కు, ప్రొటెస్టెంటు పేటల మధ్య లేచిన గోడలను చూస్తాడు. 1998లో ఒప్పందం కుదిరినా గోడలు చాలావరకు నిలిచేవున్నాయి. వాటికి ‘శాంతి గోడలు’ అని పేరు! ఆ నగరంలోనే 1932లో రెండు మతాల నిరుద్యోగులు కూటికోసం ఒకే జెండా కింద నడిచారని కూడా అతడు చదువుతాడు. గోడ కట్టినప్పుడు వచ్చేది ఏ శాంతి, కూటికోసం కలిసినప్పుడు వచ్చేది ఏ శాంతి అన్న తేడా తెలుసుకొని తిరిగివచ్చినవాడు, మన ఊళ్లల్లో మొదటి ఇటుక పేర్చేవాణ్ణి గుర్తుపట్టగలడు. ఆ గుర్తుపట్టే కన్ను అంటేనే పాలకులకు భయం.

కాబట్టి మనం కోరవలసినవి స్పష్టంగా కోరాలి. విషయాన్ని బట్టి వేతనాన్ని నిరాకరించే నిబంధన రద్దు కావాలి. మైనారిటీ విద్యార్థుల ఫెలోషిప్పు, వడ్డీ రాయితీ తిరిగి రావాలి. వెళ్లివచ్చే పరిశోధకుల మీద కూడా ఒక బాధ్యత ఉంది. గూగూడు మీద పుస్తకం గూగూడువాళ్లు చదవగల తెలుగులో, వాళ్లు కొనగల ధరకు రావాలి. ప్రజల నుంచి విషయం తీసుకొని పండితులకు అప్పజెప్పే పరిశోధన సగం పరిశోధనే. ఇక అధ్యాపకులమైన మనం ఈ వేతనాలు వచ్చేదాకా చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. ప్రతి కాలేజీలోనూ విద్యార్థులచేత తమ ఊరి సంతనూ, ఉరుసునూ, తిరునాళ్లనూ, కూలీ సంఘాన్నీ లెక్కగట్టి రాయించవచ్చు. ఎవరు ఎవరితో కలిసి పనిచేస్తున్నారు, ఎవరు ఎవరికి అప్పుపడ్డారు, వదంతి పుట్టినప్పుడు ఎవరి నోటి నుంచి పుట్టింది - ఇవి రాసుకోవడానికి పాస్‌పోర్టు అక్కరలేదు.

తన ఊరిని తాను చదువుకోవడం, ప్రపంచంతో పోల్చి చదువుకోవడం పేదవాడి బిడ్డకు ఎవరో దయతో ఇచ్చే వరం కాదు. అది హక్కు. దాన్ని నిరాకరించే రాజ్యం శాంతిని గురించి ఎన్ని ఉపన్యాసాలు చేసినా, అది కోరుకునేది శాంతి కాదు, నిశ్శబ్దం.