నెమ్మది బండికీ నియమం కావాలి

నిదానమే ప్రధానం అన్నారు. కానీ రోడ్డు మీద నిదానం ఒక్కటే కాపాడదు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లను నమ్ముకుని 1950ల నుంచి కోస్తా జిల్లాల రైతులు రాయచూరు జిల్లాకు వలస వచ్చారు. నల్లరేగడిని వరి మడులుగా మార్చారు. సింధనూరు, మాన్వి క్యాంపుల్లో ఆ వచ్చినవారి పిల్లలకే ఇప్పుడు అరవై, డెబ్భై ఏళ్లు. వాళ్ల బిడ్డలేమో బెంగళూరు, హైదరాబాద్, అమెరికాల్లో స్థిరపడ్డారు. చాలా ఇళ్లలో మిగిలింది పెద్దవాళ్లిద్దరే. బ్యాంకుకైనా, మందుల షాపుకైనా, పొలానికైనా తమ బండి తామే నడుపుకోవాలి. కాళ్లకు శ్రమలేని బ్యాటరీ స్కూటర్ వారికి వరమే, కాదనలేం.

చిక్కల్లా ఎక్కడంటే, మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండే చిన్న బ్యాటరీ బండి కేంద్ర నిబంధనల ప్రకారం మోటారు వాహనం కిందికే రాదు. లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా ఏదీ తప్పనిసరి కాదు. అదే పెట్రోలు మోపెడ్ అయితే, 55 దాటినవారు అయిదేళ్లకోసారి వైద్యుడి ధ్రువపత్రంతో లైసెన్సు రెన్యువల్ చేయించుకోవాలి. కంట్లో శుక్లం ముదిరిన సంగతి అక్కడైనా బయటపడుతుంది. బ్యాటరీ బండికి ఆ జల్లెడ లేదు. పైగా ఎవరైనా మెకానిక్‌తో వేగ పరిమితి తీయిస్తే అది మోటారు వాహనమే అవుతుంది. బీమా లేని ఆ బండి ఎవరినైనా గుద్దితే పరిహారం సొంత జేబులోంచి కట్టాల్సిందే.

పాతిక కిలోమీటర్లే కదా అనుకోవడమే పొరపాటు. ఆ వేగంలో బండి సెకనుకు ఏడు మీటర్లు పోతుంది. తల సిమెంటు రోడ్డుకు తగలడానికి అంత వేగం కూడా అక్కర్లేదు. కోతల కాలంలో సగం రోడ్డు వడ్ల ఆరబోతకే పోతుంది. మిగతా సగంలో కోత మిషన్లు, ధాన్యం ట్రాక్టర్లు. చప్పుడు లేని బండి వస్తున్నట్టు దారిన పోయేవాడికి వినపడదు. వెనక వస్తున్న లారీ హారను వినికిడి తగ్గిన పెద్దాయనకు వినపడదు.

అమెరికాలోని ఫ్లోరిడాలో 'ది విలేజెస్' అనే విశ్రాంత జీవుల పట్టణం ఉంది. అక్కడివారు గోల్ఫ్ కార్ట్‌ల మీద తిరగడానికి ప్రత్యేక దారులే వేశారు. అయినా మలుపులో బండిలోంచి జారిపడే ప్రమాదం తప్పడం లేదు. అన్ని వసతులున్న చోటే అలా ఉంటే కాలువ గట్టు దారి సంగతి చెప్పాలా?

పెద్దల చేతిలోంచి తాళాలు లాక్కోవడం పరిష్కారం కాదు. అది వాళ్లను ఇంట్లో కట్టేయడమే. గ్రామ పంచాయతీలు కాలువ వంతెనల దగ్గర పిట్టగోడలు, క్యాంపు రోడ్డు మెయిన్ రోడ్డులో కలిసే చోట స్పీడ్ బ్రేకర్లు, దీపాలు వేయించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఏటా కళ్లు, చెవుల పరీక్షలు జరిపించాలి. బండి అమ్మే షాపువాళ్లు చట్టం ఏం చెబుతోందో దాచకుండా చెప్పాలి. చీకటి పడ్డాక బండి తీయకపోవడం, హెల్మెట్ లేనిదే గడప దాటకపోవడం పెద్దలు తమకు తామే పెట్టుకోవాల్సిన కట్టుబాట్లు. దూరాన ఉన్న పిల్లలు బండి కొనడానికి డబ్బు పంపేటప్పుడు హెల్మెట్‌కూ కలిపి పంపాలి. చట్టం మినహాయించింది లైసెన్సునే, జాగ్రత్తను కాదు.