ఒకే ఆల్బం, రెండు ప్రతులు

ఒకే ఆల్బం రెండు మూడు ప్రతులు కొనేవాణ్ణి చూసి లోకం నవ్వుతుంది. ఉన్నదాన్నే మళ్ళీ కొనడం పిచ్చి కాక మరేమిటంటుంది. జమైకా రెగే గాయకుడు బర్నింగ్ స్పియర్ రికార్డుల విషయంలో మాత్రం అది పిచ్చి కాదనీ, శ్రోతగా మన బాధ్యత అనీ నా అభిప్రాయం.

ఆయన అసలు పేరు విన్‌స్టన్ రాడ్నీ. 1945లో సెయింట్ ఆన్స్ బే అనే ఊళ్ళో జన్మించాడు. నల్లజాతి ఆత్మగౌరవాన్ని చాటిన మార్కస్ గార్వీ 1887లో పుట్టినదీ అక్కడే. సొంత గడ్డపైనే గార్వీని మరచిపోతున్నారన్న వేదన రాడ్నీ పాటకు ప్రాణం. 1975లో జాక్ రూబీ నిర్మించిన ఆల్బానికి 'మార్కస్ గార్వీ' అనే పేరు అందుకే.

ఆ ఆల్బం జమైకాలో ఒక రూపంలో వెలువడింది. ఇంగ్లండులోని ఐలండ్ సంస్థ దాన్ని విదేశీ శ్రోతలకు రుచించేలా మళ్ళీ మిక్స్ చేసి, గరుకుదనం తగ్గించి విడుదల చేసింది. ప్రపంచం ఎక్కువగా విన్నది ఈ రెండో రూపాన్నే. గాయకుడికి అది నచ్చలేదు. ఆ తరువాత ఆయన సొంత లేబుల్ పెట్టుకున్నాడు. 1976లో అవే పాటలు, గొంతు చాలావరకు తొలగించి వాద్యాలను ముందుకు తెచ్చిన డబ్ రూపంలో 'గార్వీస్ గోస్ట్'గా వచ్చాయి. 1978 నాటి 'సోషల్ లివింగ్' అయితే జమైకాలో 'మార్కస్ చిల్డ్రన్' అనే పేరుతో వెలువడింది.

ఐలండ్ పూనుకోకపోతే ఆ పాట సముద్రం దాటేదా అని కొందరు అడుగుతారు. సబబైన ప్రశ్నే. అనువాదం లేకపోతే అనేక గ్రంథాలు మనదాకా వచ్చేవి కావు. అంతమాత్రాన అనువాదాన్నే మూలమనుకుంటామా? వేమన పద్యాల కోసం బ్రౌను దొర ప్రతి వెనుక ప్రతి సేకరించి పోల్చి చూశాడు. ఆ శ్రమను మనం పిచ్చి అనలేదు, పరిష్కరణ అన్నాం. పద్యానికి ఇచ్చిన ఆ గౌరవం పాటకు ఎందుకివ్వకూడదు?

మరపుకు ఎదురు నిలిచి పాడిన గాయకుడి అసలు స్వరమే మరపున పడితే అంతకన్నా విషాదం లేదు. సంకలనం ఒకటి కొని తృప్తిపడే శ్రోతకు, తాను విన్నది ఎవరు నిర్ణయించిన రూపమో తెలిసే అవకాశమే లేదు. రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి విన్నవాడికి ఆ తేడా చెవికి తెలుస్తుంది. ఎవరి రుచి కోసం ఎవరి గొంతు సవరించారన్నదీ అర్థమవుతుంది.

2008లో రాడ్నీ తన సొంత లేబుల్ మీదనే 'జా ఈజ్ రియల్' వెలువరించాడు. మరుసటి ఏడాది దానికి గ్రామీ పురస్కారం దక్కింది. ఎవరూ దిద్దని గొంతును కూడా లోకం ఆదరిస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు. సేకరణ మొదలుపెట్టే మిత్రులకు నా మనవి ఒక్కటే: అంకెలు పెంచుకోకండి, మూలం వెతకండి.